ఏపీ ప్రీకాల్క్యులస్ కోర్సు: ఎవరికి ఉపయోగం, ఎవరికి కాదు

అమెరికాలో కాలేజ్ బోర్డ్ అనే పరీక్షల సంస్థ 2023లో ప్రవేశపెట్టిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ప్రీకాల్క్యులస్‌ను ఇప్పుడు చాలా హైస్కూళ్లు బోధిస్తున్నాయి. ఏపీ కోర్సు కాబట్టి కాలేజీ ప్రవేశాల్లో కలిసివస్తుందన్న ఆశతో పిల్లలను ఇందులో చేర్పించదలచిన తెలుగు తల్లిదండ్రులు ముందుగా సిలబస్ చూడటం మంచిది.

ఇందులో నాలుగు యూనిట్లున్నాయి. బహుపదులు, అకరణీయ ప్రమేయాలు మొదటిది. ఘాత, సంవర్గమాన ప్రమేయాలు రెండవది. త్రికోణమితి, ధ్రువ నిరూపకాలు మూడవది. పరామితులు, సదిశలు, మాత్రికలు నాలుగవది. మే నెల పరీక్షలో మొదటి మూడింటి నుంచే ప్రశ్నలు వస్తాయి కనుక, నాలుగవ యూనిట్ చెప్పాలా వద్దా అన్నది పాఠశాల ఇష్టం. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మాత్రికలు, సదిశలు చదివిన ఎంపీసీ తరానికి ఇది వింతగా తోచవచ్చు. నా దృష్టిలో ఇదే ఈ కోర్సులోని పెద్ద లోటు. తరువాత కాల్క్యులస్ బీసీ (ఏపీ కాల్క్యులస్ కోర్సులు రెండింటిలో విస్తృతమైనది; రెండోది ఏబీ) తీసుకునే విద్యార్థికి పరామితీయ సమీకరణాలు, సదిశ ప్రమేయాలు అవకలనంతో కలిసి ఒకేసారి ఎదురవుతాయి. ఏబీలో ఆ భాగాలు లేవు కాబట్టి ఆ దారిన వెళ్లేవారికి ఇబ్బంది లేదు.

పరీక్ష తీరు మాత్రం మెచ్చుకోదగినది. 40 బహుళైచ్ఛిక ప్రశ్నల్లో 28 కాల్క్యులేటర్ లేకుండా చేయాలి. నాలుగు పెద్ద ప్రశ్నల్లో రెండు, ఇచ్చిన సందర్భానికి తగిన ప్రమేయాన్ని విద్యార్థి స్వయంగా నిర్మించాలని కోరుతాయి; సూత్రాలు బట్టీపట్టినంత మాత్రాన అవి లొంగవు.

ఇక ప్రవేశాల విషయానికొస్తే, అక్కడ ఎంసెట్ ర్యాంకు వంటి ఒకే కొలమానం లేదు. పాఠశాలలో ఏ కోర్సులు అందుబాటులో ఉన్నాయి, వాటిలో విద్యార్థి ఏవి ఎంచుకున్నాడు అన్నది కలిపి చూస్తారు. ఇంజనీరింగ్ కోరుకునేవారికి 12వ తరగతికల్లా కాల్క్యులస్ చేరుకోవడం ముఖ్యం. ఇంజనీరింగ్ డిగ్రీల్లో గణితం సాధారణంగా కాల్క్యులస్‌తోనే మొదలవుతుంది కనుక, ప్రీకాల్క్యులస్ పరీక్షతో కాలేజీలో దక్కే క్రెడిట్ వల్ల వారికి ఒరిగేది తక్కువ. పాఠశాల సొంతంగా నడిపే ఆనర్స్ (ఉన్నత స్థాయి) ప్రీకాల్క్యులస్‌లో సదిశలు, పరామితులు పూర్తిగా చెబుతుంటే, జీపీఏ (మార్కుల సగటు)లో కాస్త తగ్గినా అటే మొగ్గడం మేలని నా అభిప్రాయం. సైకాలజీ వంటి సబ్జెక్టుల వైపు వెళ్తూ, హైస్కూలు గణితాన్ని ఇక్కడితో ముగించే విద్యార్థికి ఈ కోర్సును నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. వీలుంటే ఏపీ స్టాటిస్టిక్స్ కూడా తోడు చేసుకోవచ్చు. బీసీ లక్ష్యంగా ఉన్నవారు మాత్రం, పరీక్ష ముగిశాక మిగిలే వారాల్లో నాలుగవ యూనిట్ చెబుతారో లేదో చేరే ముందే కౌన్సెలర్‌ను అడిగి తెలుసుకోవాలి.