స్కానర్‌కి పలకని పాత బండికి వాక్యూమ్ గేజ్

ఐడ్లింగ్ నిలవని పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లు ముందు కొనాల్సింది బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ కాదు, ముల్లున్న వాక్యూమ్ గేజ్. నేను కొన్నది మామూలు రకమే. అరచేతిలో పట్టే డయల్, దాని చుట్టూ రబ్బరు తొడుగు, ఒక హోస్, కొన్ని ప్లాస్టిక్ కనెక్టర్లు, అంతే. బ్యాటరీ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, బ్లూటూత్ కనెక్ట్ కాలేదన్న గొడవ అసలే లేదు.

నా బండి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చిన తొలి రోజులది. స్కానర్ గుచ్చే ఓబీడీ సాకెట్టే లేదు. ఇంజిన్ వేడెక్కాక 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1,500 దాకా లేచేది, ఠక్కున 700కి పడేది, మళ్లీ లేచేది. ఆగిపోదు, అలాగని నిలవదు. ఇలాంటి బండిని షెడ్డుకి తీసుకెళ్తే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఐడిల్ కంట్రోల్ వాల్వ్, ఆపైన సెన్సర్లు అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతారు. వాళ్లను అనీ లాభం లేదు. పైకి ఏమీ కనబడనప్పుడు మార్చి చూడటం తప్ప ఏం చేస్తారు?

గేజ్ ఆ కనబడనిదాన్ని కాస్త కనబడేలా చేస్తుంది. యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు, అంటే థ్రాటిల్, మూసి ఉండగా పిస్టన్లు గాలిని లాగుతుంటాయి కాబట్టి సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల్లో, అంటే మానిఫోల్డ్‌లో, పీడనం పడిపోతుంది. బయటి గాలి కన్నా ఎంత తక్కువో గేజ్ పాదరసం అంగుళాల్లో చూపిస్తుంది. సముద్రమట్టం దగ్గర, బాగున్న ఇంజిన్‌కి ఐడ్లింగ్‌లో 17 నుంచి 22 అంగుళాల మధ్య ముల్లు నిలకడగా ఉండాలి. ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. అది లెక్కలోకి తీసుకోకపోతే కొండ ప్రాంతంలో ఉన్న మంచి ఇంజిన్ కూడా జబ్బుదిగా కనిపిస్తుంది.

అసలు విషయం అంకెలో కన్నా ముల్లు నడకలో ఉంది. కదలకుండా కిందే ఉండిపోతే గాలి లీకునో, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చే సమయం) వెనకపడటాన్నో అనుమానించాలి. లయ తప్పకుండా మధ్యమధ్య కొద్దిగా పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వ్ సరిగా మూసుకోవట్లేదు. మెల్లగా అటూ ఇటూ తేలుతుంటే పెట్రోలు, గాలి కలిసే మిక్స్చర్ సంగతి చూడాలి. ఇంజిన్‌ని 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచినప్పుడు రీడింగ్ అంతకంతకూ దిగిపోతుంటే సైలెన్సర్ వైపు ఎక్కడో మూసుకుపోయింది. గేజ్‌తో వచ్చిన కాగితంలో ఇవన్నీ ఉన్నాయి గానీ, అక్షరాలు భూతద్దం పెట్టి చదివే సైజు.

నా బండికి తగిలించగానే ముల్లు ఆర్‌పీఎంతో పాటే ఊగింది. వాల్వ్ పోతే కనిపించే టకటక కొట్టుకోవడం కాదది, ఇంజిన్ లేచి పడుతుంటే దానితో కలిసి పెద్దగా ఊగడం. అక్కడే సగం అనుమానాలు తీరిపోయాయి. ఇక గాలి లీకు కోసం మానిఫోల్డ్‌కి వచ్చే హోసులను ఒక్కొక్కటే మూస్తూ ముల్లు చూడటమే పని. బ్రేక్ బూస్టర్ హోస్ లావుగా ఉంటుంది, నొక్కితే లొంగదు. దాన్ని ఊడదీసి మానిఫోల్డ్ దగ్గర రబ్బరు మూత పెట్టాను. ముల్లు ఊపు అలాగే ఉంది. తర్వాత పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను మళ్లీ లోపలికి పంపే వాల్వ్) నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే హోస్. దాన్ని మానిఫోల్డ్ దగ్గర ప్లయర్‌కి గుడ్డ చుట్టి నొక్కగానే ఊపు ఆగిపోయి, ముల్లు 19 మీద అతుక్కుంది. వదిలితే మళ్లీ మొదలు.

ఒక మాట. బాగున్న బండిలో కూడా ఈ హోస్ నొక్కితే ఐడ్లింగ్ కొంచెం మారుతుంది, ఎందుకంటే పీసీవీ దారిన కొంత గాలి వెళ్లడం మామూలే. కొంచెం మారిందని హోస్ మార్చేయకండి. ఇక్కడ మారింది కొంచెం కాదు. హోస్ తీసి వంపు దగ్గర విప్పారదీస్తే, కిందివైపు, పైనుంచి ఎంత వంగి చూసినా కనబడని చోట, రబ్బరు గట్టిపడి నిలువుగా చీలింది. ఆ చీలికలోంచి దొంగగాలి వెళ్తుంటే ఆర్‌పీఎం పెరిగేది. థ్రాటిల్ మూసి ఉండీ ఆర్‌పీఎం ఓ హద్దు దాటితే, యాక్సిలరేటర్ వదిలేసి బండిని దొర్లిస్తున్నారనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడగానే మళ్లీ ఇస్తుంది. ఆ ఎక్కడం దిగడం అంతా అదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ హద్దు ఎక్కువ కాబట్టి స్టార్ట్ చేసిన కాసేపు బుద్ధిగా ఉండేది. హోస్ మార్చాక సమస్య పోయింది.

ఇక గేజ్ మీద ఫిర్యాదులు. గేజ్‌ని బండి హోస్ మధ్యలో కలపడానికి ఇచ్చిన ప్లాస్టిక్ టీ కనెక్టర్ (మూడు మూతుల ముక్క) వదులుగా ఉంది. లీకు వెతకడానికి వచ్చిన వస్తువే లీకు తెస్తే ఎలా? దాన్ని పక్కన పడేసి, ఇత్తడి టీ, చిన్న క్లిప్పులు కొనుక్కోండి. హోస్ పొట్టిది, బానెట్ కింద నుంచి అద్దం దాకా అందదు. అందితే లోపల కూర్చుని రేస్ ఇస్తూ చూసుకోవచ్చు. ముల్లు వణుకుని ఆపే డ్యాంపర్ లేదు, ప్రతి సిలిండర్ గుంజుడికీ వణుకుతుంది. హోస్‌ని కొద్దిగా నొక్కి సన్నం చేస్తే వణుకు తగ్గుతుంది, కానీ మరీ నొక్కితే వాల్వ్ సమస్య చూపించే ఆ చిన్నపాటి పడి లేవడం కూడా మాయమవుతుంది. డయల్ మీద వేసిన రంగు పట్టీలను నమ్మకండి. అవి ఏ ఎత్తులో, ఏ ఇంజిన్‌కి వేశారో ఎక్కడా రాయలేదు. తగిలించే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో మాత్రం తప్పక చూడండి.

డబ్బా మీద ‘ఫ్యూయల్ పంప్ టెస్టర్’ అని కూడా ఉంటుంది. ఆ స్కేలు 10 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే యూనిట్టే) దాకానే, అంటే కార్బొరేటర్ బండ్ల పంపుకి. ఇంజెక్షన్ బండి పెట్రోలు లైన్‌లో దానికి ఎన్నో రెట్ల పీడనం ఉంటుంది, అక్కడ తగిలిస్తే గేజ్ పోవడమే కాదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది.

కార్బొరేటర్ అయినా, తొలితరం ఇంజెక్షన్ అయినా పెట్రోలు బండికి ఐదుకి నాలుగు ఇస్తాను, పోయిన ఒకటి ఆ టీ వల్ల. పాత డీజిల్ బండి వాళ్లు మాత్రం కొనకండి. చాలావాటికి థ్రాటిలే ఉండదు, మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమూ ఉండదు.