ట్రావెల్ రాడ్ సెట్‌లో వచ్చే "6000" రీల్‌తో జాగ్రత్త

గాలం వేసే మిత్రులందరికీ ఒక హెచ్చరిక. ట్రావెల్ రాడ్ (ప్రయాణంలో చిన్నగా సర్దుకునే చేపల కర్ర), రీల్ (లైన్ చుట్టుకునే పరికరం), లైన్ (గాలం దారం), బ్యాగు, నాలుగైదు ప్లాస్టిక్ ఎరలు అన్నీ కలిపి ఒకే సెట్‌గా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. "సైజు 6000, 13+1 బేరింగులు, డ్రాగ్ 10 కిలోలు, చెరువుకీ సముద్రానికీ ఒకటే" అని రాసి ఉంటుంది. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా జారనిచ్చే బ్రేకు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్తూ సూట్‌కేసులో పట్టే రాడ్ కావాలని అలాంటి సెట్ ఒకటి తెప్పించాను. రాడ్ సంగతి ఎలా ఉన్నా, దానికి జత చేసి పంపిన రీల్ మాత్రం పచ్చి మోసం. వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. అచ్చం అదే సెట్ వేరే పేర్లతో, వేరే రంగుల్లో ఇంకా అమ్ముడవుతోంది. సెలవులు వస్తున్నాయి కాబట్టి చాలామంది కొంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 6000 అనే అంకె గురించి. రీల్ సైజుకి అన్ని కంపెనీలకీ వర్తించే కొలత అంటూ ఏదీ లేదు. ఎవరి లెక్క వాళ్లది. షిమానో కంపెనీలో సీ3000 అంటే 2500 బాడీ మీద 3000 స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం). అలాగే సీ5000 కూర్చునేది 4000 బాడీ మీద. డైవా కంపెనీ 2018లో ఎల్‌టీ అనే తేలికపాటి రీళ్లు తెచ్చినప్పుడు తన సైజుల లెక్కనే మార్చేసింది, పాత 2500, కొత్త 2500 ఒకే పరిమాణంలో ఉండవు. పేరున్న కంపెనీలైతే కనీసం బరువెంత, స్పూల్‌లో ఎంత లైన్ పడుతుంది అనేవి స్పష్టంగా చెబుతాయి. పేరూ ఊరూ లేని సెట్లలో ఆ వివరాలేవీ ఉండవు. 6000 అని స్టిక్కర్ మాత్రం ఉంటుంది. చాలా కంపెనీల్లో నిజమైన 6000 రీల్ 400 గ్రాములు దాటుతుంది. నాకు వచ్చినదాన్ని వంటింటి త్రాసు మీద పెడితే 270 గ్రాములు తూగింది. 0.40 మిల్లీమీటర్ల తంగూసు 200 మీటర్లు పడుతుందన్నారు. అందులో సగం చుట్టేలోపే స్పూల్ అంచు దాకా నిండిపోయింది. ఆ లెక్కన అది మహా అయితే 3000.

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. అది నిజంగా 6000 అయినా ఆ రాడ్‌కి నప్పదు. రాడ్ మీద హ్యాండిల్‌కి కాస్త పైన ఏం ముద్రించారో చూడండి. నా రాడ్ మీద ఎర బరువు 10 నుంచి 30 గ్రాములు, లైన్ 8 నుంచి 17 పౌండ్లు అని ఉంది. రీల్ సైజుని నిర్ణయించేవి ఆ రెండు అంకెలే. ఏడు అడుగుల రాడ్ మీద ఇలా రాసి ఉంటే దానికి సరిపోయేది 2500 నుంచి 4000 మధ్య రీల్. ఇక 10 కిలోల డ్రాగ్ అన్న మాట చూడండి. 15 పౌండ్ల లైన్ అంటే సుమారు 6.8 కిలోలకి తెగుతుంది. డ్రాగ్‌ని లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టుకుంటాం, అంటే రెండు కిలోల చుట్టుపక్కల. నిజంగా 10 కిలోలు బిగిస్తే ముందు లైన్ తెగుతుంది, లేదా ఆ మడత రాడ్ విరుగుతుంది. కాబట్టి పెట్టె మీద పెద్ద అంకె చూసి మురిసిపోకండి. రెండు కిలోల దగ్గర లైన్ ఆగి ఆగి కాకుండా మెత్తగా జారుతుందా లేదా, చూడాల్సింది అదే. నా రీల్‌లో అదే లేదు. డ్రాగ్ నాబ్ సగం తిప్పితే పూర్తిగా వదులు, ఇంకాస్త తిప్పితే పూర్తిగా బిగుతు. మధ్యలో ఏమీ లేదు. భీమిలి దగ్గర రాళ్ల మీద నిలబడి వేసినప్పుడు ఒక చేప గట్టిగానే పట్టింది. డ్రాగ్ ఒక్కసారి బిగుసుకుపోయి లైన్ ఫట్మని తెగింది. గాలం నోట్లో ఉండగానే ఆ చేప వెళ్లిపోయింది. ఇలాంటి రీళ్ల వల్ల చేపకి జరిగే ఈ హింస నన్ను డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు బిగింపు సంగతి. ట్రావెల్ రాడ్లు కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. రీల్‌కి కింద ఉండే ఫుట్ రాడ్ మీది సీట్‌లోకి వెళ్లి కదలకుండా కూర్చోవాలి. ఒకదానిలోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్లలో చాలావాటికి సీట్ పల్చటి రేకుతోనో ప్లాస్టిక్‌తోనో ఉంటుంది. ఫుట్ మరీ పల్చగా ఉంటే ఎంత బిగించినా ఆడుతుంది, మరీ మందంగా ఉంటే లోపలికే వెళ్లదు. నా సెట్‌లో రీల్, రాడ్ ఒకే పెట్టెలో వచ్చాయి, అయినా ఒకదానికొకటి కుదరలేదు. నాలుగు సార్లు విసిరేసరికి రీల్ పక్కకి ఒరిగిపోయేది. రెండింటినీ వేరే వేరే చోట్ల తెచ్చి ఒక పెట్టెలో పెట్టి పంపేశారని అప్పుడు అర్థమైంది. షాపులో కొనేవాళ్లు మీ రాడ్‌ని వెంట తీసుకెళ్లి, రీల్ బిగించి, రీల్ బాడీ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ఆన్‌లైన్‌లో అయితే ఫుట్ పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపమని అడగండి. పంపనివాళ్ల దగ్గర కొనకండి.

రాడ్ పొడవునా లైన్ దూరి వెళ్లే గైడ్ రింగుల్లో మొదటిది కూడా చూడాలి. స్పూల్ నుంచి లైన్ చుట్లు చుట్లుగా బయటికి వస్తుంది. ఆ చుట్లు సన్నబడాల్సింది మొదటి రింగ్ దగ్గరే. టెలిస్కోపిక్ రాడ్‌లో గొట్టాలు ఎక్కడ ముగిస్తే అక్కడే రింగులు పెట్టగలరు, కాబట్టి వాటి దూరాలు మనకి అనుకూలంగా ఉండవు. నాకొచ్చిన దాంట్లో మొదటి రింగ్ చిన్నది, పైగా పొట్టిది. దాని ముందు వెడల్పు స్పూల్ పెడితే లైన్ రింగ్‌కి తగిలి, రాడ్‌ని రాసుకుంటూ వెళ్తుంది. దూరం పడదు, బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన లైన్) అయితే ముడులు పడతాయి. నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్లలో రింగుల అమరిక మామూలు రాడ్‌లా చేయడానికి వీలుంటుంది. ఏడు అడుగుల రాడ్ నాలుగు ముక్కలైతే ఒక్కోటి సుమారు 55 నుంచి 58 సెంటీమీటర్లు, మామూలు చెక్-ఇన్ సూట్‌కేసులో పట్టేస్తుంది. ఇంకో అడ్డదిడ్డం కూడా జరుగుతోంది. వేలు పెట్టుకునే ట్రిగ్గర్ ఉన్న కాస్టింగ్ రాడ్‌కి కింద వేలాడే స్పిన్నింగ్ రీల్ జత చేసి అమ్ముతున్నారు. ట్రిగ్గర్ ఉంటే అది పైన కూర్చునే బెయిట్‌కాస్టర్ రీల్‌కి చేసిన రాడ్. ఫొటోలోనే తెలిసిపోతుంది, గమనించండి.

బేరింగుల లెక్కని అసలు పట్టించుకోవద్దు. 13+1లో ఆ +1 అంటే సాధారణంగా హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగ్. మిగతా 13 ఎక్కడున్నాయో చూద్దామని విప్పితే, బేరింగ్ ఉండాల్సిన చాలా చోట్ల ప్లాస్టిక్ బుష్‌లే కనిపించాయి. సముద్రానికి పనికొస్తుందన్నది కూడా అబద్ధమే. ప్రతిసారీ డ్రాగ్ బిగించి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టినా, లైన్ తిరిగే చిన్న రోలర్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అది తిరగకపోతే లైన్ మెలికలు పడుతుంది. మడత హ్యాండిల్‌లో లొడలొడ మొదటి రోజు నుంచే ఉంది. ప్రయాణాల్లో ప్రతిసారీ విప్పి పెట్టాలి కాబట్టి, వీలైతే స్క్రూ లాగా నేరుగా రీల్‌లోకి బిగించే హ్యాండిల్ ఉన్నదే తీసుకోండి.

అమ్మినవాళ్ల సమాధానం ఏమిటంటే, "లైన్ చుట్టేశారు కాబట్టి వాడినట్టే, వాపసు లేదు". లైన్ చుట్టకుండా స్పూల్‌లో ఎంత పడుతుందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? వినియోగదారుల రక్షణ కోసం 2020లో తెచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు ఇవ్వనని గానీ అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మొండికేస్తే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు కూడా లేదు. నేను హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో ఆన్‌లైన్ పేజీలో ఉండాల్సిందే, అది లేదంటే అక్కడే అనుమానించండి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి. నా దగ్గర ఆ స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టే ఫిర్యాదులో 6000 అన్న మాట చూపించగలిగాను, ఎందుకంటే ఆ తర్వాత పేజీలో రాతలు మార్చేశారు. అమెరికా నుంచి వచ్చే అన్నతోనో అక్కతోనో మంచి రీల్ తెప్పించుకునేవాళ్లు, దాని వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనకముందే కంపెనీని అడగండి.

మరి ఏం కొనాలి అంటే, రాడ్, రీల్ విడివిడిగా కొనండి, ముందు రాడ్ తర్వాత రీల్. చెరువుల్లో శీలావతికీ బొచ్చెకీ పిండి ఎర వేసేవాళ్లకి 3000 నుంచి 4000 మధ్య రీల్ చాలు. నాచులో కొరమీను కోసం కప్ప ఎర విసిరేవాళ్లకీ అంతే, కాకపోతే డ్రాగ్ గట్టిది, బ్రెయిడ్ మందంది కావాలి. విశాఖ, భీమిలి ఒడ్డున 4000 లేదా 5000, ఉప్పునీటికి సీల్ చేసినదైతే మేలు. అండమాన్‌లో పెద్ద పార చేపల కోసం వెళ్లేవాళ్లు ఈ సెట్ల వైపు చూడనే వద్దు. అక్కడ పాపర్ (నీటి మీద చప్పుడు చేసే ఎర) వేయడానికి 14000 పైబడిన రీళ్లు వాడతారు. ఒకే రీల్‌తో ప్రయాణం చేయాలనుకుంటే స్పేర్ స్పూల్ దొరికేది చూసుకోండి. ఒకదాంట్లో తంగూసు, ఇంకోదాంట్లో బ్రెయిడ్ పెట్టుకోవచ్చు. బ్రెయిడ్‌ని నున్నటి స్పూల్ మీద నేరుగా చుడితే మొత్తం చుట్టే జారిపోతుంది, అడుగున కొంచెం తంగూసు చుట్టి ఆ పైన బ్రెయిడ్ కట్టండి. జత కుదిరిందో లేదో చూడటానికి రాడ్ మొత్తం కలిపి, లైన్ చుట్టిన రీల్ బిగించి, రీల్‌కి కాస్త ముందు ఒక వేలు పెట్టి ఎత్తండి. దాదాపు సమంగా నిలబడితే రోజంతా విసిరినా మణికట్టు నొప్పి పుట్టదు.

ఇప్పటికే ఆ సెట్ కొనేసినవాళ్లు రాడ్‌ని పారేయక్కర్లేదు. రింగుల్లో పగుళ్లు లేకపోతే, ఫుట్ సరిగ్గా కూర్చునే 2500 రీల్ ఒకటి కొని చెరువు దగ్గర వాడుకోవచ్చు. సెట్‌తో వచ్చిన రీల్‌ని మాత్రం సముద్రానికి తీసుకెళ్లకండి, పిల్లల చేతికి కూడా ఇవ్వకండి. ప్రయాణంలో ఏ రీల్‌నైనా రాడ్ నుంచి విప్పి, బట్టల మధ్య విడిగా పెట్టండి. బిగించి ఉంచితే సూట్‌కేసు మీద బరువు పడి ఫుట్ వంగిపోతుంది. గాలాలు హ్యాండ్ బ్యాగులో అస్సలు వద్దు, చెక్-ఇన్‌లోనే వెయ్యండి.