బెజవాడ ఎండల్లో ఆర్‌ఎక్స్ 6600: రెండు వేసవులు వాడాక

తక్కువ డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకునేవాళ్లకు నా మాట ముందే చెప్పేస్తాను. మదర్‌బోర్డు కాస్త పాతదై, మానిటర్ 1080పీ అయి, చేతిలో ఇరవై వేల లోపే ఉంటే, వారంటీ మిగిలున్న సెకండ్‌హ్యాండ్ ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 వెతకండి. అయితే ఆ డబ్బంతా కార్డుకే పెట్టకండి. నాలుగైదు వేలు ఎస్ఎంపీఎస్‌కి (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే కార్డు చూడండి. నా కార్డు 2024 మొదట్లో కొన్నది. విజయవాడ సత్యనారాయణపురంలో, ఏసీ లేని మేడ మీద గదిలో రెండు ఎండాకాలాలు గడిపింది. ఆ వాడకంతో చెప్తున్న మాటలివి.

నా కంప్యూటర్‌లో రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. ఇంతకుముందు 4 జీబీ ఎన్‌విడియా జీటీఎక్స్ 1050 టీఐ ఉండేది. ఆ కార్డు మంచి కార్డు, అందులో సందేహం లేదు. 2016లో వచ్చింది, 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది. వేరే పవర్ కేబుల్ కూడా లేకుండా స్లాట్ నుంచి వచ్చే కరెంటుతోనే ఏళ్ల తరబడి నడిచింది. వాలరెంట్, జీటీఏ 5 దాని మీద హాయిగా ఆడేవాణ్ని. సైబర్‌పంక్ 2077 దగ్గరికి వచ్చేసరికి దాని వల్ల కాలేదు. సెట్టింగులన్నీ కిందికి దించినా, 4 జీబీ మెమరీ నిండగానే వీధి మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి కదిలేది. మీరు ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే మాత్రం కార్డు జోలికి పోకండి. ఆ గేమ్ భారం ఎక్కువగా ప్రాసెసర్ మీదే పడుతుంది. కార్డు మార్చినందువల్ల నాకు అందులో కనిపించిన తేడా చాలా తక్కువ.

ఆ బడ్జెట్‌లో నేను చూసినవి కొన్ని ఉన్నాయి. ఆర్‌ఎక్స్ 580 చాలా చౌకగా దొరుకుతుంది, 8 జీబీ మెమరీ కూడా ఉంటుంది. కానీ అది 2017 నాటి కార్డు, 185 వాట్లు తాగుతుంది. పైగా ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్ముతున్నవాటిలో చాలావరకు 2048 కోర్లవి. అసలు ఆర్‌ఎక్స్ 580లో కోర్లు 2304. పేరు ఒకటే, సరుకు వేరు. జీటీఎక్స్ 1650 అప్పట్లో కొత్తదే దొరికేది గానీ మెమరీ మళ్లీ 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది. ఉన్న ఇబ్బందినే మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కున్నట్టవుతుంది.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాత మదర్‌బోర్డు ఉన్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పెట్టె మీద పేరు కొత్తగా, ధర తక్కువగా కనిపిస్తుంది. కానీ అది మదర్‌బోర్డుతో కేవలం నాలుగు లేన్ల (డేటా వెళ్లే దారులు) మీద మాట్లాడుతుంది. కార్డు కూర్చునే స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 రకం అయిన బోర్డులో సెకనుకు దాదాపు 8 జీబీ డేటా వెళ్తుంది, పర్వాలేదు. నా బీ450 లాంటి 3.0 బోర్డులో పెడితే అది సగానికి, అంటే 4 జీబీకి పడిపోతుంది. కార్డు మీద మెమరీ ఎలాగూ 4 జీబీయే కాబట్టి అది నిండిన ప్రతిసారీ ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సిందే. ఆ దారే ఇరుకు. దసరాల్లో ప్రకాశం బ్యారేజీ మీద బండ్లు నిలిచిపోయినట్టు డేటా నిలిచిపోతుంది. ఇంకా, అందులో వీడియో ఎన్‌కోడర్, అంటే ఆటను వీడియోగా మార్చే భాగం, లేదు. ఆట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే కుర్రాళ్లకు అది పెద్ద లోటు. ఆర్‌ఎక్స్ 6600కి ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమరీ. పాత బోర్డులో కూడా దానికి పెద్దగా నష్టం లేదు. 2021 అక్టోబరులో వచ్చిన ఈ కార్డుకు 132 వాట్లు చాలు.

కార్డు గుంటూరు బ్రాడీపేటలో దొరికింది. బీటెక్ చదువుతున్న ఒక తమ్ముడు పెద్ద కార్డుకి మారుతూ అమ్మకానికి పెట్టాడు. ‘మైనింగ్‌కి వాడలేదన్నా, ఒట్టు’ అన్నాడు. అతని మాటను అనుమానించలేదు గానీ, నేను నమ్మింది బిల్లు మీద తేదీని. ఎథీరియమ్ అనే క్రిప్టోకరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చేసే పద్ధతి 2022 సెప్టెంబరు 15తో ముగిసింది. ఆ తేదీకి ముందు కొన్న కార్డయితే రాత్రింబవళ్లు నడిచి ఉండే అవకాశం ఉంది. తర్వాత కొన్నదైతే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఇతని బిల్లు 2023ది. బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు, కార్డు వెనక స్టిక్కర్ మీద ఉన్న నంబరు కలిశాయి. మూడేళ్ల వారంటీలో ఇంకా రెండేళ్లకు పైగానే ఉంది.

కార్డును అతని కంప్యూటర్‌లో ఉండగానే పరీక్షించాను. పెన్‌డ్రైవ్‌లో కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్, కార్డు మీద పూర్తి భారం మోపే ఫర్‌మార్క్ పెట్టుకుని వెళ్లాను. జీపీయూ-జెడ్‌లో షేడర్లు (అంటే కోర్లు) 1792 అని కనిపించాలి. కనిపించాయి. తర్వాత ఫర్‌మార్క్ పావుగంట నడిపి రెండు అంకెల మీదే కన్నేసి కూర్చున్నాను. ఒకటి మామూలు ఉష్ణోగ్రత, రెండోది హాట్‌స్పాట్, అంటే చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటిది. ఈ రెండింటి మధ్య తేడా 15, 20 డిగ్రీల్లో ఉంటే ఫర్వాలేదు. అది 30కి చేరితే లోపల థర్మల్ పేస్టు ఎండిపోయిందనో, హీట్‌సింక్ సరిగా ఆనలేదనో అనుకోవాలి. ఇక్కడ 16 డిగ్రీలు చూపించింది. ఫ్యాన్లు వేగం పెంచుకుంటున్నప్పుడు చెవి దగ్గర పెట్టి విన్నాను, గరగర లేదు. స్క్రూల మీద స్క్రూడ్రైవర్ గీతలు లేవు, అంటే ఎవరూ విప్పినట్టు లేదు. 14 వేలు చెప్పాడు, 13 వేలకు ఇచ్చాడు. అప్పట్లో కొత్తది ఇరవై వేలు దాటేది.

ఇక ఎస్ఎంపీఎస్ సంగతి. నా దగ్గర ఉన్నది క్యాబినెట్‌తో పాటే వచ్చింది, పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంటుంది. మా వైపు ఒక షాపులో అడిగితే, ‘500 ఉంది కదండీ, ఏం కాదు, కన్వర్టర్ వేసుకోండి’ అని మోలెక్స్ (పాత హార్డ్‌డిస్కుల కరెంటు కేబుల్) నుంచి కార్డుకి కావాల్సిన 8 పిన్‌కి మార్చే కేబుల్ చేతిలో పెట్టారు. నేను దాన్ని కొనలేదు. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టీలో 12 వోల్టుల గడి చూడండి. నా దాంట్లో 16 ఆంపియర్లు అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. గ్రాఫిక్స్ కార్డూ, ప్రాసెసరూ రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. కార్డుకి 132, ప్రాసెసర్‌కి 65 కలిపితే 197. ఫ్యాన్లూ, హార్డ్‌డిస్కూ ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ 500 అన్నది పెట్టె మీద అంకె, మనకు అక్కరకొచ్చేది 192. అందుకే గవర్నర్‌పేటలో 550 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథాను కొలిచి ఇచ్చే గుర్తింపు) ఉన్న ఎస్ఎంపీఎస్ నాలుగు వేల చిల్లర పెట్టి కొన్నాను. 8 పిన్ కేబుల్ దానితోనే వచ్చింది. తెలిసినవాళ్లెవరైనా కార్డు కొంటున్నానంటే నేను మొదట అడిగేది ఆ పట్టీ ఫొటో.

కార్డు పెట్టేముందు డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత ఎన్‌విడియా డ్రైవర్లను పూర్తిగా తుడిచేసి ఏఎండీ డ్రైవర్ వేశాను. రైజెన్ 5 2600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, కొత్తది కుదురుకునే దాకా 1050 టీఐని అమ్మకుండా ఉంచాను. అలాంటి ప్రాసెసర్ ఉన్నవాళ్లు పాత కార్డుని తొందరపడి వదిలించుకోవద్దు. కార్డు పాడైతే తెర మీద బొమ్మే రాదు.

ఆట ఎలా ఉందంటే, సైబర్‌పంక్ హై సెట్టింగుల్లో సెకనుకు అరవై ఫ్రేములకు అటూ ఇటూ ఆడుతోంది. జనం ఎక్కువగా ఉన్న బజారుల్లో యాభై దాకా దిగుతుంది, అక్కడ ప్రాసెసర్ అలసిపోతోంది గానీ కార్డు కాదు. ఫోర్జా హొరైజన్ 5 అయితే 75 దగ్గర కదలకుండా నిలబడుతుంది. మానిటర్‌కి ఫ్రీసింక్ (కార్డు వేగానికి తగ్గట్టు తెరను మార్చుకునే సదుపాయం) ఉండటంతో యాభైకి దిగినా కంటికి పెద్దగా తెలియదు. మొదటిసారి సైబర్‌పంక్‌లోని ఆ ఊరంతా ఎక్కడా ఆగకుండా బండి మీద తిరిగిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వేడి గురించి వివరంగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో కనిపించే రివ్యూల్లో గది ఉష్ణోగ్రత 22, 24 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో మా మేడ మీద గది రాత్రి తొమ్మిదికి కూడా 36 ఉంటుంది. డిసెంబరులో కార్డు 64, హాట్‌స్పాట్ 80 చూపించేది. అదే గేమ్, అవే సెట్టింగులు, మే నెలలో 79, 97 చూపించాయి. ఏఎండీ పెట్టిన హద్దు 110 కాబట్టి ప్రమాదమేమీ లేదు, కానీ ఫ్యాన్ల మోత పక్క గదిలోకి వినిపించింది, కంప్యూటర్ వదిలే వేడికి గది ఇంకా ఉడికింది. దానికి నేను చేసినవి రెండే పనులు. ఏఎండీ వాళ్ల అడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, ప్రతిసారీ ఒక సాయంత్రం ఆడి చూసి, గేమ్ ఆగిపోయిన చోటి నుంచి ఒక మెట్టు పైకి వచ్చి అక్కడ ఉంచేశాను. ఫ్రేములను 72 దగ్గర ఆపేశాను, 75 హెర్ట్జ్ మానిటర్‌కి అంతకు మించి అక్కర్లేదు. ఈ రెండింటితో హాట్‌స్పాట్ 97 నుంచి 86కి దిగింది. గోడ దగ్గర పెట్టిన మీటర్‌లో మొత్తం కంప్యూటర్ 245 వాట్లు తీసుకునేది 205కి వచ్చింది. 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లు. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఆట సేవ్ చేసి మూసుకునే వ్యవధి దొరుకుతోంది. ఒక హెచ్చరిక: అడ్రెనలిన్‌లో కనిపించే వంద వాట్ల అంకె చిప్‌ది మాత్రమే, కార్డు మొత్తానిది కాదు. దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ లెక్క వేయకండి.

క్యాబినెట్ కూడా ముఖ్యమే. నా దానికి ముందువైపు అద్దం, గాలి వచ్చే సందు సన్నం. వెనక ఒక 120 ఎంఎం ఫ్యాన్ చేర్చి, ఎండాకాలంలో పక్క తలుపు తీసేస్తాను. దాంతో దుమ్ము పడుతుంది, అందుకని రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో కొడతాను. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

లోపాలు ఉన్నాయి. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా చూపించే పద్ధతి) ఆన్ చేస్తే ఫ్రేములు సగానికి పడిపోతాయి, దాని కోసం ఈ కార్డు కొనకూడదు. బీటెక్ ప్రాజెక్టుకి ఏఐ మోడళ్లు నడపాలన్నా, 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో పని చేయాలన్నా ఎన్‌విడియా కార్డే నయం. అలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఎన్‌విడియా సొంత వ్యవస్థ అయిన క్యూడా (CUDA) మీదే ఆధారపడి ఉంటాయి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న డెల్, హెచ్‌పీ పెట్టెలు ఉన్నవాళ్లకు కూడా ఇది సరిపడదు. వాళ్లకు 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఉంది, పవర్ కేబుల్ అక్కర్లేదు.

డ్రైవర్ల విషయంలో నాకు టెన్షన్ పెట్టిన సందర్భం ఒకటుంది. 2025 అక్టోబరు చివర్లో ఏఎండీ ఈ తరం కార్డులను వేరే డ్రైవర్ శాఖలోకి మార్చింది. సపోర్టు ఆగిపోతుందేమోనని గోల మొదలయ్యాక, కొత్త గేములకు సపోర్టు కొనసాగుతుందని చెప్పింది. నా పాత 1050 టీఐకి మాత్రం అదే అక్టోబరుతో గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి. ఇక ముందు భద్రత అప్‌డేట్లే. ఇంకో సంగతి, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్‌కి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. అందులో ఏఎండీ వైపు కనీస కార్డుగా పెట్టింది ఆర్‌ఎక్స్ 6600నే. ఆర్‌ఎక్స్ 580 కొని ఉంటే ఆ గేమ్ తెరుచుకునేదే కాదు.

నా మటుకు ఈ కార్డును ఇంకో రెండేళ్లయినా కదిలించను. ఇప్పుడు డబ్బులు దాస్తున్నది రైజెన్ 5 5600 కోసం. బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ చేస్తే ఇదే బీ450 బోర్డులో కూర్చుంటుంది, కార్డూ ఎస్ఎంపీఎస్సూ మార్చే పని లేదు.