పాత లాంగ్ రైఫిల్: చెకుముకి రాయిదా, క్యాప్‌దా? ఏది మేలు?

అమెరికాలో పాత లాంగ్ రైఫిల్ కొనాలనుకునేవాళ్లలో చాలామంది చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్ కనబడితే చాలు, ఇంకేమీ చూడరు. ధర కూడా దానికే ఎక్కువ. కానీ అసలు చిక్కు అక్కడే ఉంది.

పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకాస్టర్ చుట్టుపక్కల, జర్మన్ మూలాలున్న పనివాళ్లు 18వ శతాబ్దంలో ఈ తుపాకులకు రూపం ఇచ్చారు. చాలావాటికి 40 అంగుళాలు దాటిన ఎనిమిది పలకల గొట్టం, చారల మేపుల్ కర్ర ఉంటాయి. అప్పట్లో అన్నీ ఫ్లింట్‌లాక్‌లే. 1820ల తర్వాత పెర్కషన్ క్యాప్‌లు, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీలు, వాడకంలోకి వచ్చాయి. వానలో కూడా నమ్మకంగా పేలతాయి కాబట్టి, మంచి తుపాకీ ఉన్నవాళ్లు దాన్ని పారేయకుండా దగ్గర్లోని పనివాడి చేత క్యాప్‌లాక్‌గా మార్పించుకున్నారు. ఆ తర్వాత కలెక్టర్ల కాలం వచ్చింది. ఫ్లింట్‌లాక్‌కు రేటు పెరిగేసరికి, అలా మార్చినవాటిని మళ్లీ వెనక్కి మార్చడం మొదలైంది.

అంటే మన ముందున్నవి రెండు కాదు, మూడు: ఎవరూ ముట్టుకోని ఫ్లింట్‌లాక్, వాడకం కోసం ఆనాడే మార్చిన క్యాప్‌లాక్, ఈమధ్య తిరిగి ఫ్లింట్‌లాక్ చేసినది.

మూడోదాన్ని పట్టుకోవాలంటే గొట్టం పక్కన, నిప్పు లోపలికి వెళ్లే బెజ్జం దగ్గర టార్చ్ వేసి చూడండి. క్యాప్ బిగించడానికి అక్కడ పెద్ద రంధ్రం తొలిచి ఉంటారు. దాన్ని పూడ్చి, మధ్యలో చిన్న బెజ్జం పెడితే చుట్టూ సన్నని గీత కనిపించవచ్చు. ఏళ్ల తరబడి తుపాకీ మందు మండిన చోట ఇనుము గుంటలు పడాలి. అక్కడ మరీ నున్నగా ఉంటే నాకు అనుమానమే. మార్చిన క్యాప్‌లాక్‌లో అయితే లాక్ ప్లేటు (లాక్, అంటే పేల్చే యంత్రాంగం, బిగించిన పక్క రేకు) మీద పాత స్క్రూల రంధ్రాలు పూడ్చిన గుర్తులు ఉంటాయి. అవి లోపం కాదు, దాని జాతకం.

లాక్ మీద కెట్లాండ్ అనే ఇంగ్లిష్ కంపెనీ పేరు కనిపిస్తే తుపాకీ చేసింది వాళ్లే అనుకోకండి. అవి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి దిగుమతైన లాక్‌లు. లాంకాస్టర్ తుపాకీ పనివాడు జేకబ్ డికర్ట్ లాంటి వాళ్ల సంతకం కోసం గొట్టం పై పలక చూడాలి.

డబ్బుకు ఇబ్బంది లేకపోతే మొదటిదే. లేదంటే నా ఓటు ఆనాడు మార్చిన క్యాప్‌లాక్‌కే. తక్కువ ధరకు వస్తుంది, దాచేది ఏమీ ఉండదు. తిరిగి మార్చినదాన్ని, అమ్మేవాడు ఆ సంగతి రసీదు మీద రాసిస్తేనే, ధర తగ్గిస్తేనే ఆలోచిస్తాను.

1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో యాంటిక్‌లే. అయినా మీ రాష్ట్రం రూల్స్ చూసుకోండి. ఇండియాకు తెచ్చుకుందామనుకుంటే మన ఆయుధ చట్టం, కస్టమ్స్ సంగతి కొనకముందే కనుక్కోవాలి. ఇక ఏది కొన్నా ఇత్తడి భాగాలకు చింతపండు పెట్టి తోమకండి. ఆ నల్లబడ్డ రంగుకే కలెక్టర్లు డబ్బిచ్చేది.