ట్యాగా, తాళమా, లాక్ బాక్సా? మిల్లు షట్‌డౌన్‌లో ఏది మేలు

స్టీల్‌ని ఒత్తి సాగదీసే రోలింగ్ మిల్లులో రోలర్ టేబుల్ (స్టీల్‌ని ముందుకు నడిపే రోలర్ల వరస) బేరింగ్ మార్చాలి. ఇద్దరు ఫిట్టర్లు కిందికి దిగారు, స్విచ్ ఏమో ఎక్కడో ఎంసీసీ రూమ్‌లో (మోటార్ల స్విచ్‌లన్నీ ఉండే గది) ఉంది, పల్పిట్‌లో (కంట్రోల్ క్యాబిన్) కూర్చున్న ఆపరేటర్‌కి వీళ్లు అసలు కనపడరు. అలాంటప్పుడు ఆ రోలర్ తిరగకుండా ఆపేది ఏంటి? స్టీల్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో దీనికి రకరకాల పద్ధతులు నడుస్తున్నాయి, అన్నీ సేఫే అనుకుంటారు గానీ వాటి మధ్య తేడా చాలా ఉంది.

ముందు ఎమర్జెన్సీ స్టాప్ సంగతి తేల్చేద్దాం. కన్వేయర్ పుల్ కార్డ్ (ఆపడానికి పక్కనే కట్టే తాడు) లాగేసి, లేదా ఎర్ర బటన్ నొక్కేసి "రెండు నిమిషాల పనే కదా" అని చెయ్యి పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మామూలుగా అది కట్ చేసేది కంట్రోల్ సర్క్యూట్‌ని మాత్రమే, మెయిన్ సప్లై ఫీడర్ (ఆ మెషిన్‌కి కరెంట్ ఇచ్చే స్విచ్ ప్యానెల్) దాకా వచ్చి అక్కడే ఉంటుంది, ఎవరో బటన్ తిప్పి రిలీజ్ చేసి స్టార్ట్ నొక్కితే అయిపోయింది. నడుస్తున్న మెషిన్‌ని అర్జెంటుగా ఆపడానికి అది పెట్టారు, లోపలికి దిగడానికి కాదు, కాబట్టి దీన్ని పోలికలోంచి తీసేస్తున్నా.

ఇక షట్‌డౌన్ స్లిప్ (సప్లై ఆపి పనికి ఇచ్చామని రాసే కాగితం), స్విచ్ మీద "మనుషులు పనిలో ఉన్నారు" అని ట్యాగ్. ఇందులో మంచి ఏంటంటే ఎవరు, ఏ పని, ఎప్పటినుంచి అన్నది తెలుస్తుంది. కానీ అట్టముక్క స్విచ్‌ని ఆపలేదు, గ్రీజు అంటుకుని అక్షరాలు పోతాయి, తీగ ఊడి కింద పడుతుంది, షిఫ్ట్ మారాక వచ్చినవాడు "ఇది నిన్నటిది అయ్యుంటుంది" అనుకుంటాడు. పాత ఎలక్ట్రీషియన్లు ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాళ్లు, అది ట్యాగ్ కన్నా నయమే, కానీ స్టోర్స్‌లో ఇంకో ఫ్యూజు దొరుకుతుంది, పైగా ఇప్పుడు బ్రేకర్ ఫీడర్లలో పీకడానికి ఫ్యూజే ఉండదు.

ఎలక్ట్రికల్ వాళ్లు ఒక్క తాళం వేసి తాళంచెవి తమ దగ్గర పెట్టుకోవడం దీనికన్నా చాలా మెరుగు. చిక్కు ఎక్కడంటే, ఒకే షట్‌డౌన్ మీద మెకానికల్ గ్యాంగ్, హైడ్రాలిక్స్ వాళ్లు, కాంట్రాక్ట్ రిగ్గర్లు (బరువులెత్తి దించేవాళ్లు) అందరూ ఎక్కుతారు, మెకానికల్ ఫోర్‌మన్ తన పని అయిపోయిందని పర్మిట్ (పనికి ఇచ్చిన అనుమతి కాగితం) వాపసు ఇచ్చేస్తాడు, ఎలక్ట్రీషియన్ కాగితం చూసి తాళం తీస్తాడు, రిగ్గర్ ఇంకా లోపలే ఉంటాడు. లోపలున్న మనిషి ప్రాణం ఇంకొకడి జేబులోని తాళంచెవి మీద ఆధారపడి ఉంది, నాకు నచ్చనిది ఇదే.

అందుకే నా ఓటు ఎవరి తాళం వాళ్లకే. స్విచ్‌కి హాస్ప్ (చాలా తాళాలు పట్టే కొక్కెం) తగిలించి దిగే ప్రతి మనిషీ తన తాళం వేసి తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి, ఆఖరి మనిషి బయటికి వచ్చి తన తాళం తీసేదాకా స్విచ్ పైకి వెళ్లదు. అమెరికాలో 1989లో వచ్చిన లాకౌట్ (తాళం వేసి సప్లై ఆపే) రూల్ కూడా తాళం పట్టే చోట ట్యాగ్ ఒక్కటే వాడాలంటే తాళంతో సమానంగా రక్షణ ఉందని నిరూపించమంటుంది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లో కూడా పొరపాటున ఆన్ వైపు జరిగే స్విచ్‌కి తాళం ఏర్పాటు ఉండాలని 1976 సవరణలో చేర్చారు.

క్యాపిటల్ రిపేర్ (మొత్తం ఆపి చేసే భారీ మరమ్మతు) లాంటి పెద్ద పనిలో మాత్రం, పదుల కొద్దీ స్విచ్‌లు, వాల్వులు ఉన్నచోట, ప్రతివాడూ ప్రతిదానికీ తాళం వెయ్యడం జరిగేపని కాదు. అక్కడ లాక్ బాక్స్ మేలు. ఐసోలేషన్ టీమ్ (సప్లైలన్నీ ఆపేవాళ్లు) అన్నిటికీ తాళాలు వేసి ఆ తాళంచెవులు బాక్స్‌లో పడేస్తుంది, పనివాళ్లంతా బాక్స్‌కి తమ సొంత తాళాలు వేస్తారు, సూత్రం అదే, తాళాల సంఖ్య తగ్గుతుంది.

రోజూ లోపలికి వెళ్లాల్సిన ఫెన్సింగ్ ఉన్న లైన్లకి, రోబో సెల్స్‌కి ట్రాప్డ్ కీ ఇంటర్‌లాక్ బాగుంటుంది, సప్లై ఆఫ్ చేస్తేనే గేటు తాళంచెవి బయటికొస్తుంది. బేరింగ్ మార్పు లాంటి పనికి అదొక్కటే చాలదు.

అయితే స్విచ్‌కి ఏ తాళం వేసినా కరెంట్ ఒక్కటే ఆగుతుంది. హైడ్రాలిక్ అక్యుములేటర్‌లో (ఆయిల్‌ని ప్రెషర్‌తో నిల్వ ఉంచే సిలిండర్) ప్రెషర్ అలాగే ఉంటుంది, దాన్ని డ్రెయిన్ చెయ్యాలి, కన్వేయర్ కౌంటర్‌వెయిట్‌ని కట్టెయ్యాలి, పైకెత్తిన రోల్ కింద సపోర్ట్ పెట్టాలి, డ్రైవ్ కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యేదాకా ప్యానెల్‌లో చెయ్యి పెట్టకూడదు. గ్యాస్ లైన్ అయితే మామూలు వాల్వు మూసి తాళం వేసినా సీటు దగ్గర లీక్ అవ్వొచ్చు, పైపుకి అడ్డంగా పూర్తిగా మూసే గాగుల్ వాల్వో బ్లైండ్ ప్లేటో పడాలి, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండదు కాబట్టి డిటెక్టర్ తప్పనిసరి. 2018 అక్టోబర్‌లో భిలాయ్ స్టీల్ ప్లాంట్‌లో గ్యాస్ లైన్ మెయింటెనెన్స్ పని జరుగుతుండగానే మంటలు చెలరేగి పది మందికి పైగా చనిపోయారు.

తాళం వేశాక టెస్టర్‌తో సప్లై లేదని చూడాలి, లోకల్ స్టార్ట్ బటన్ కూడా ఒకసారి నొక్కి చూడాలి, ఎందుకంటే పక్క ఫీడర్‌కి తాళం వేసి వచ్చే పొరపాటు ఇక్కడే దొరుకుతుంది. తర్వాత మళ్లీ స్టాప్ నొక్కి పనిలోకి దిగాలి.

సొంత తాళానికి ఒక ఇబ్బంది నిజమే, మనిషి తాళం తియ్యకుండా ఇంటికెళ్లిపోతే మిల్లు ఆగిపోతుంది, వెంటనే కట్టర్ తెమ్మంటారు. ముందు అతను ప్లాంట్‌లో లేడని గేట్ దగ్గర రూఢి చేసుకోవాలి, ఫోన్ చెయ్యాలి, సూపర్‌వైజర్ స్వయంగా స్పాట్‌కి వెళ్లి లోపల ఎవరూ లేరని చూసుకోవాలి, అప్పుడే కొయ్యాలి, అతను మళ్లీ డ్యూటీకి వచ్చాక పనికి దిగకముందే "నీ తాళం తీసేశాం" అని చెప్పాలి.