డోలు ఏ చోట మోగింది? నాలుగు సంవత్సరాల రాక్ ఆల్బమ్‌లపై సమీక్ష

సంక్రాంతి రోజుల్లో ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. ఒగ్గు పూజారుల డోలు ఆరుబయట మోగినప్పుడు ఒక తీరుగా వినిపిస్తుంది, అదే డోలు గుడి రాతి మండపంలోకి వచ్చేసరికి మరో తీరుగా వినిపిస్తుంది. బయట దెబ్బ పడీ పడగానే గాలిలో కలిసిపోతుంది. లోపల అది స్తంభాలను తాకి, రవ్వంత ఆలస్యంగా, మరింత బరువెక్కి చెవికి తిరిగి వస్తుంది. చిన్ననాటి నుంచి వింటున్న ఈ తేడాయే తరువాతి కాలంలో రాక్ సంగీతానికి నా కొలబద్ద అయింది. గిటార్ ఎంత వేగంగా పలికింది, గాయకుడి గొంతు ఎంత పైకి వెళ్లింది అన్నవి నాకు రెండో వరుస ప్రశ్నలు. డ్రమ్ములు ఏ చోట మోగాయో ఆ చోటు నాకు వినిపిస్తున్నదా లేదా అన్నదే మొదటి ప్రశ్న. హనుమకొండలోని మా ఇంటి బీరువాలో ముప్పై ఏళ్లుగా పోగైన క్యాసెట్లు, సీడీల నుంచి నాలుగు సంవత్సరాలను ఎంచుకొని ఈ కొలబద్దతోనే తీర్పు చెబుతున్నాను. కొలబద్ద ఏకపక్షమైనదని ముందే ఒప్పుకుంటాను.

1971 విషయంలో పోటీ చాలా గట్టిది. రోలింగ్ స్టోన్స్ వారి ‘స్టిక్కీ ఫింగర్స్’, డోర్స్ వారి ‘ఎల్.ఎ. ఉమన్’, జెత్రో టల్ వారి ‘ఆక్వాలంగ్’ ఆ ఒక్క సంవత్సరంలోనే వచ్చాయి. అయినా నా ఓటు ఆ నవంబరులో విడుదలైన లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్‌కే. దానికి అసలు పేరంటూ లేదు. నలుగురు సభ్యులు తలా ఒక గుర్తును ఎంచుకొని వాటినే పేరుగా పెట్టారు. అట్ట మీద వీపున కట్టెల మోపుతో వంగి నిలబడిన ముసలాయన బొమ్మ చూసి, మా మేనత్త ఒకసారి ఇది వ్యవసాయ పాటల రికార్డా అని అడిగింది. ఆ బొమ్మకు మూలం 1892 నాటి ఫోటో అనీ, అందులోని మనిషి ఇంగ్లండులో ఇళ్లకు గడ్డి కప్పు వేసే లాట్ లాంగ్ అనీ 2023లో ఒక పరిశోధకుడు తేల్చిన తరువాత, మేనత్త ఊహ మరీ దూరంగా పోలేదని అనిపించింది.

ఈ ఆల్బమ్‌లో ఎక్కువ భాగాన్ని స్టూడియోలో కాక, హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేశారు. ఒకప్పుడు దిక్కులేని పేదలకు ఆశ్రయమిచ్చి పని చేయించుకునేందుకు కట్టిన ఇల్లు అది. చివరి పాట ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ కోసం జాన్ బోనమ్ డ్రమ్ములను మెట్ల దారి కింది హాలులో పెట్టి, రెండు మైకులను పైఅంతస్తు నుంచి వేలాడదీశారు. ఇంజనీరు ఆండీ జాన్స్ చేసిన ఈ ఏర్పాటు వల్ల మైకులకు డ్రమ్ముతో పాటు గోడలు, మెట్లు, ఎత్తైన పైకప్పు కూడా అందాయి. ఆ పైన టేపు వేగాన్ని కొంత తగ్గించడంతో ప్రతి దెబ్బా తడిసిన గోనె సంచిలా బరువెక్కింది. ఐనవోలు మండపంలో డోలు దెబ్బ తరువాత మిగిలే మూలుగు ఏదైతే ఉన్నదో, ఇక్కడ ఏడు నిమిషాల పాటు వినిపించేది అదే.

పాట సంగతి కూడా మన ప్రాంతానికి పరాయిది కాదు. 1927లో మిసిసిపీ నది గట్లు తెగి వచ్చిన మహా వరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాట దీనికి మూలం. కాకతీయులు తవ్వించిన చెరువుల కింద పంట పండించుకున్న జిల్లాలకు కట్ట తెగడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. వానాకాలంలో మత్తడి దుంకుతుంటే చూడడానికి పిల్లలతో వెళ్లేవాళ్లమే, అదే రాత్రి కట్ట వైపు చెవి పెట్టుకొని పడుకుంటాము. 2023 జూలైలో మోరంచపల్లి నీట మునిగిన వారంలో ఈ పాటను పెట్టబోయి ఆపేశాను.

ఈ ఆల్బమ్‌లో లోపాలు లేవని కాదు. ‘ఫోర్ స్టిక్స్’లో బోనమ్ ఒక్కో చేత రెండేసి పుల్లలు పట్టి వాయించాడని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్పుకోవడం బాగుంటుంది కానీ, ఆ పాటను నేను రెండోసారి కోరి వినను. ‘ది బాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్’లో డ్రమ్ములే లేవు, కనుక నా కొలబద్ద అక్కడ చేతులెత్తేస్తుంది, మాండొలిన్, శాండీ డెన్నీ గొంతు మాత్రం నన్ను కట్టిపడేస్తాయి. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ గిటార్ గురించి అందరూ మాట్లాడుతారు. నాలుగు నిమిషాలు దాటేవరకు డ్రమ్ములను బయటే నిలబెట్టి ఉంచిన ఓర్పు గురించి ఎవరూ మాట్లాడరు. కొనదలచినవారు బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ స్వయంగా దగ్గరుండి 2014లో తీసుకువచ్చిన కూర్పును తీసుకోవచ్చు. దానితో వచ్చే రెండో డిస్కులో ఇవే పాటల వేరే మిక్సులు, అంటే రికార్డైన వాద్యాలను, గొంతును వేరే పాళ్లలో కలిపిన కూర్పులు, ఉన్నాయి.

అదే సంవత్సరం వచ్చిన ది హూ బృందం వారి ‘హూజ్ నెక్స్ట్’ను పక్కన పెట్టినందుకు మిత్రులు కోప్పడతారు. దాని మొదటి పాట ‘బాబా ఓరైలీ’ పేరులోని బాబా, అహ్మద్‌నగర్ దగ్గర ఆశ్రమం ఏర్పరచుకున్న మెహెర్ బాబా. కీత్ మూన్ డ్రమ్ములు ఒక్క క్షణం కూడా ఊపిరి తీసుకోనివ్వవు, నాకు దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీ కావాలి.

ఖాళీ విలువ తెలిసిన ఆల్బమ్ 1980లో వచ్చిన ఏసీ/డీసీ వారి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’. గాయకుడు బాన్ స్కాట్ ఫిబ్రవరిలో చనిపోయాడు. కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో బహామాస్‌లో రికార్డు చేసి జూలైకల్లా విడుదల చేశారు. నల్ల అట్ట సంతాపానికి గుర్తు. గంట మోతతో మొదలై, ఫిల్ రడ్ ఎక్కడా తొందరపడని తాళంతో సాగుతుంది. సాహిత్యం చాలాచోట్ల చిల్లరగా ఉంటుందన్నది నిజమే.

1991 దగ్గరికి వచ్చేసరికి నా తీర్పు చాలామంది అభిమానుల తీర్పుకు ఎదురు నిలుస్తుంది. మెటాలికా, పెర్ల్ జామ్, నిర్వాణా ఆల్బమ్‌లు మూడూ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే వచ్చాయి, నేను రాక్ వినడం మొదలుపెట్టిందీ వాటితోనే. కాజీపేట వైపు ఒక హాస్టల్ గదిలో డబుల్ డెక్ టేప్ రికార్డరు ఉండేది. తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇస్తే ఒక్కో వైపు ఒక్కో ఆల్బమ్ ఎక్కించి ఇచ్చేవారు. ఒక వైపు నిడివి నలభై ఐదు నిమిషాలే. లెడ్ జెప్పెలిన్, ఏసీ/డీసీ ఆల్బమ్‌లు అందులో చక్కగా ఇమిడేవి. పెర్ల్ జామ్ వారి ‘టెన్’ యాభై మూడు నిమిషాలు కావడం వల్ల చివరి పాట మొదలైన నిమిషానికే టేపు అయిపోయి టక్కున ఆగేది. ఆ పాట పేరు ‘రిలీజ్’. దానికి నా దగ్గర విడుదల దొరకడానికి సీడీలు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

‘టెన్’లో పాటలు గొప్పవే కానీ, ప్రతి వాద్యానికీ పూసిన కృత్రిమ ప్రతిధ్వని వల్ల ఐదుగురూ పెద్ద నీళ్ల ట్యాంకులో నిలబడి వాయించినట్టు ఉంటుంది. అది చోటు కాదు, చోటులా కనిపించే రంగు. 2009లో బ్రెండన్ ఓబ్రయన్ చేసిన కొత్త మిక్సులో ఆ పూత చాలావరకు పోయింది, కనుక నేను దానినే సిఫారసు చేస్తాను. మెటాలికా నల్ల ఆల్బమ్‌కు ఎనిమిది నెలలకు పైగా పట్టింది. లార్స్ ఉల్రిక్ డ్రమ్ములు గంభీరంగా ఉంటాయి, ఆ గాంభీర్యం ఇటుక ఇటుకగా పేర్చినదని తెలిసిపోతుంది. నిర్వాణా వారి ‘నెవర్‌మైండ్’ విషయంలో ఆ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ కూడా తరువాత అది మరీ నునుపుగా తయారైందని నొచ్చుకున్నాడు. ఆండీ వాలెస్ మిక్సుకు ముందు నిర్మాత బుచ్ విగ్ చేసిన మిక్సు ఆ ఆల్బమ్‌కు 2011లో వచ్చిన పెద్ద బాక్స్ సెట్‌లో ఉంది. డ్రమ్మర్ డేవ్ గ్రోల్ చేతి బలం అందులోనే ఎక్కువ తెలుస్తుంది.

అందువల్ల నిర్వాణా నుంచి నేను బీరువా పై అరలో పెట్టుకున్నది 1993 నాటి ‘ఇన్ యూటెరో’. మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో స్టీవ్ అల్బీనీ దీనిని రెండు వారాల్లో రికార్డు చేశాడు. రాయల్టీ తీసుకోవడం న్యాయం కాదని, చేసిన పనికి ఒక్కసారి ఇచ్చే కూలి చాలునని పట్టుబట్టాడు. డ్రమ్ముకు దగ్గరగానే కాక గదిలో దూరంగా కూడా మైకులు పెట్టడం ఆయన పద్ధతి. ‘సెంట్‌లెస్ అప్రెంటిస్’ మొదట్లో గ్రోల్ ఒక్కడే వాయించే ఆ కొద్ది క్షణాల్లో గది ఎత్తు, నేల గట్టిదనం కూడా పోల్చుకోవచ్చు. గ్రోల్ ఒంటి మీద బోనమ్ గుర్తైన మూడు వలయాల పచ్చబొట్టు ఉన్నదని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

తరువాత ‘హార్ట్ షేప్డ్ బాక్స్’, ‘ఆల్ అపాలజీస్’ పాటలను స్కాట్ లిట్ చేత మళ్లీ మిక్సు చేయించారు, ఆ రెండు చోట్ల గది కొంత వెనక్కి తగ్గుతుంది. 2013 కూర్పులో అల్బీనీ సొంత మిక్సు ఉంది. రెండింటినీ పక్కపక్కన వినాలనుకునేవారు దానికి డబ్బు పెట్టవచ్చు. ఫోను స్పీకరులో వినే ఉద్దేశం ఉన్నవారు మాత్రం పైన చెప్పిన ఆల్బమ్‌లలో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఒక్కటే తీసుకోవడం మంచిది, మిగతా వాటిలో డబ్బు పెట్టి కొనే మండపం ఆ చిన్న స్పీకరులో పట్టదు.