"1971 ఒరిజినల్ ఎల్పీల సెట్" పేరుతో మోసం: రాక్ రికార్డులు కొనేవారు జాగ్రత్త

పాత రాక్ రికార్డులు సేకరించే మిత్రులకు ఒక హెచ్చరిక. సెకండ్ హ్యాండ్ వస్తువులు అమ్మే సైట్లలో, సోషల్ మీడియా గ్రూపుల్లో కొంతకాలంగా "1971 ఒరిజినల్ ఫస్ట్ ప్రెస్సింగ్ సెట్" (అంటే ఆల్బమ్ విడుదలైనప్పుడు ముద్రించిన తొలి రికార్డులు) అనే ప్రకటన తిరుగుతోంది. డోర్స్ 'ఎల్.ఎ. ఉమన్', రోలింగ్ స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్', ద హూ 'హూజ్ నెక్స్ట్', లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్, నాలుగూ కలిపి 26,000 రూపాయలు. నేను ఆ సెట్ తెప్పించుకున్నాను. వచ్చిన నాలుగింటిలో 1971లో ముద్రించిన రికార్డు ఒక్కటీ లేదు.

రాక్ అభిమానులకు 1971 అంటే ఎంత మోజో ఆ అమ్మేవాడికి బాగా తెలుసు. ఏప్రిల్‌లో ఎల్.ఎ. ఉమన్, స్టికీ ఫింగర్స్, ఆగస్టులో హూజ్ నెక్స్ట్, నవంబరులో జెప్పెలిన్. వీటికి తోడు జెత్రో టల్ 'ఆక్వాలంగ్', బ్లాక్ సబ్బత్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ', పింక్ ఫ్లాయిడ్ 'మెడిల్' కూడా ఆ సంవత్సరంవే. నన్నడిగితే వీటన్నిటిలో హూజ్ నెక్స్ట్‌దే మొదటి స్థానం. జెప్పెలిన్ భక్తులు ఒప్పుకోరు, ఆ తగవు ఇప్పట్లో తేలదు. ఇంత గిరాకీ ఉన్న సంవత్సరం కాబట్టే ప్రకటనలో ఆ అంకె అంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

వాడు ఆడే నాటకం ఇది. ఆల్బమ్ విడుదలైన సంవత్సరం నిజమే, ఎవరూ కాదనరు. కానీ చేతికొచ్చే ప్లాస్టిక్ చక్రం ఏ సంవత్సరంలో, ఏ ఫ్యాక్టరీలో తయారైందన్నది వేరే సంగతి. ఒకే ఆల్బమ్‌ను యాభై ఏళ్లుగా మళ్లీ మళ్లీ ముద్రిస్తూనే ఉన్నారు. కవర్ వెనక మాత్రం 1971 అన్న పాత సంవత్సరం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. నేను నిలదీసినప్పుడు అమ్మకందారు చూపించింది సరిగ్గా దాన్నే: "కవర్ మీద 1971 అని ఉంది కదా సార్, నేను అబద్ధం ఏం చెప్పాను?"

చెప్పిన అబద్ధం ఫొటోల్లో ఉంది. డబ్బు పంపకముందే లేబుళ్ల, అంటే రికార్డు మధ్యలో అతికించే గుండ్రటి కాగితాల, ఫొటోలు అడిగాను. పంపాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పార్సిల్ వచ్చాక పోల్చి చూస్తే ఆ ఫొటోల్లోని లేబుళ్లకూ వచ్చిన రికార్డులకూ సంబంధమే లేదు. ఫొటోలో జెప్పెలిన్ లేబుల్ మీద ఎవరో పెన్నుతో రాసిన పేరు ఉంది, నాకు వచ్చినదాని మీద లేదు. ఇంటర్నెట్‌లో ఆ బొమ్మను వెతికితే విదేశంలో ఎప్పుడో అమ్ముడైపోయిన ఒక రికార్డు పేజీలో దొరికింది.

ఇక వచ్చిన సరుకు సంగతి. మీకూ ఇలాంటిదే అంటగట్టవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

స్టికీ ఫింగర్స్ 1971 అమెరికా, బ్రిటన్ కవర్ల మీద నిజమైన జిప్ ఉంటుంది, అది తెరుచుకుంటుంది కూడా. ఆలోచన అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్‌ది. మొదట్లో పార్సిళ్లలో దొంతరగా పేర్చినప్పుడు ఆ జిప్ పిడి పై రికార్డుకు ఒత్తుకుని గాడులు దెబ్బతిన్నాయి. అందుకని జిప్పును సగం దాకా కిందికి లాగి పంపడం మొదలుపెట్టారు. అప్పుడు నొక్కు పడినా మధ్యలోని లేబుల్ మీద పడుతుంది, పాట చెడిపోదు. నాకు వచ్చిన కవర్ మీద ఉన్నది జిప్ ఫొటో మాత్రమే, అదీ మసకగా అచ్చైంది. జిప్ లేనంత మాత్రాన ప్రతిదీ నకిలీ అనకండి. నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్‌లో ఆ కవర్‌ను అనుమతించకపోవడంతో అక్కడ డబ్బాలోంచి వేళ్లు బయటికి వచ్చే వేరే బొమ్మతో అమ్మారు. కానీ నాకు అమ్మింది స్పెయిన్ రికార్డు అని ఎక్కడా చెప్పలేదు.

హూజ్ నెక్స్ట్ ఇంకా తేలిగ్గా దొరికిపోయింది. 1971లో ఇది బ్రిటన్‌లో ట్రాక్ కంపెనీ లేబుల్ మీద, అమెరికాలో డెక్కా కంపెనీ లేబుల్ మీద వచ్చింది. నాకు వచ్చినదాని మీద ఎం.సి.ఎ. అని ఉంది. అమెరికాలో డెక్కాను ఎం.సి.ఎ.లో కలిపేసింది 1973లో. పైగా కవర్ వెనక బార్‌కోడ్! ఎల్పీ కవర్ల మీద బార్‌కోడ్లు కనిపించడం మొదలైందే 1970ల చివర్లో. దీన్ని చూపిస్తే "అది స్టాకు స్టిక్కర్ సార్" అన్నాడు. అట్ట మీద అచ్చైన గీతలు స్టిక్కర్ ఎలా అవుతాయో వాడికే తెలియాలి.

ఎల్.ఎ. ఉమన్ తొలి అమెరికా కవర్‌కు మూలలు గుండ్రంగా ఉంటాయి, మధ్యలో కిటికీలా కోసి పారదర్శకమైన రేకు అతికించి ఉంటుంది. నాది మామూలు చదరపు అట్ట. రికార్డు మాత్రం పర్వాలేదు, చట్టబద్ధంగా వచ్చిన రీఇష్యూనే, అంటే తర్వాత మళ్లీ ముద్రించినదే. విడిగా కొంటే వాడు వసూలు చేసినదానిలో సగం కూడా కాదు.

అన్నిటికంటే ఒళ్లు మండించింది జెప్పెలిన్. తీసి చూస్తే ఎర్రటి పారదర్శక రికార్డు! "అరుదైన కలర్ వేరియంట్, ఇంకా విలువైనది" అని వాడి సమర్థన. బ్రిటన్‌లో లేత ఊదా రంగులో వచ్చిన మాట నిజమే, కానీ అది 1978 నాటి సంగతి. నా దగ్గరున్న ఎర్రది ఏ కంపెనీ అనుమతీ లేకుండా ఎక్కడో అచ్చు వేసినది. అట్లాంటిక్ లేబుల్‌ను స్కాన్ చేసి అతికించారు, చిన్న అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. అసలు అమెరికా రికార్డు లేబుల్ మీద 1841 బ్రాడ్‌వే అన్న చిరునామా స్పష్టంగా చదవగలం. బ్రిటన్ తొలి రికార్డుల్లో పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగంలో, డెడ్ వ్యాక్స్ అంటామే అక్కడ, మాస్టరింగ్ చేసిన జార్జ్ పెకమ్ గీసిన 'పోర్కీ', 'పెకో డక్' అనే మాటలు కనిపిస్తాయి. నాదానిలో గీత కూడా లేదు.

వినిపించే తీరు ఇంకా ఘోరం. ఆ ఆల్బమ్ చివరి పాటలో జాన్ బోనమ్ డ్రమ్స్‌ను హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ హాలు ప్రతిధ్వని కోసమే ఆ రికార్డును వెతుక్కుంటూ తిరుగుతాం. ఈ నకిలీలో అది ఖాళీ అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. బహుశా ఏ ఎంపీ3 నుంచో ఎక్కించి ఉంటారు.

అందుకని అమ్మేవాడు పంపే అందమైన ఫొటోలకు విలువ ఇవ్వకండి. రికార్డు పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం పెట్టి ఫొటో తీయమనండి. రెండు వైపుల లేబుళ్లు, డెడ్ వ్యాక్స్‌లోని మ్యాట్రిక్స్ నంబర్లు (ముద్రణ గుర్తింపు నంబర్లు), కవర్ వెనక వైపు అడగండి. వాటిని రికార్డుల వివరాలు ఉండే డిస్కాగ్స్ సైట్‌లోని వివరాలతో పోల్చుకోండి. బరువు చూసి మాత్రం మోసపోకండి. 180 గ్రాముల రికార్డు చేతికి దిట్టంగా తగిలినంత మాత్రాన పాతది కాదు, అది ఎక్కువగా ఈ మధ్య రీఇష్యూల లక్షణం. 1971లో ఆర్.సి.ఎ. వాళ్లు డైనాఫ్లెక్స్ పేరుతో చేత్తో వంగేంత పల్చటి రికార్డులు అమ్మారు, అవి అసలైనవే.

రికార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడింగ్ అక్షరాలు కూడా చూసుకోండి. వి.జి. (వెరీ గుడ్) అంటే చాలా బాగుందని అనుకుంటాం. రికార్డుల వ్యాపారంలో దాని అర్థం గీతలు కనబడతాయి, చిటపటలు వినబడతాయి అని. మంచిది కావాలంటే కనీసం వి.జి. ప్లస్ అడగాలి.

ఇదే ముఠా మన దేశపు రికార్డుల్ని "యూకే ఇంపోర్ట్" అని అమ్ముతున్నట్టు మరో ఇద్దరు కొనుగోలుదారులు చెప్పారు. కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ముద్రించిన రికార్డులు తీసిపారేసేవి కావు, విదేశీ కలెక్టర్లు వాటిని ప్రత్యేకంగా వెతుకుతారు. వాటిని వాటి పేరుతోనే అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. లేబుల్ అంచున 'మేడ్ ఇన్ ఇండియా' ఉన్నచోట చిన్న స్టిక్కర్ అంటించి ఉంటే దాన్ని గీకి చూడండి.

డబ్బు విషయానికొస్తే, సైట్ బయట నేరుగా యూపీఐలో పంపితే తగ్గింపు ఇస్తానంటాడు. వద్దు. సైట్ ద్వారా కడితేనే ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైట్‌లోని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రుసుము కూడా లేదు. నా ఫిర్యాదు సైట్ వాళ్ల దగ్గర నడుస్తోంది. అమ్మకందారు పేరు కావలసినవారు అడిగితే విడిగా చెబుతాను, ఇక్కడ రాయను.

ఈలోగా అదే ఖాతాలో "1973 సెట్" వచ్చింది. అందులో ప్రధాన ఆకర్షణ పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. బ్రిటన్ తొలి ముద్రణ అయితే హార్వెస్ట్ లేబుల్ మీద నిండు నీలం త్రిభుజం ఉండాలి, లోపల రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు ఉండాలి. ప్రకటనలో కవర్ ముందువైపు ఫొటో ఒక్కటే పెట్టాడు. లేబుల్ చూపించమని నిన్న ఒక మిత్రుడు అడిగితే, సీల్ విప్పితే విలువ పోతుందని జవాబిచ్చాడట.